తెల్ల అప్పడం, ఎర్ర పట్టు, రాత్రి జాతర: ఫోన్‌తో మంచి ఫోటో ఎలా తీయాలి

ఒడిశాలోని మన బరంపురంలో డాబా మీద అప్పడాలు ఆరబెట్టిన రోజున ఫోన్ తీసి, తెర నిండా అప్పడాలే ఉండేలా ఒక ఫోటో కొట్టి చూడండి. కళ్ళు చెదిరేంత తెల్లగా ఉన్నవి కాస్తా ఫోటోలో మబ్బు పట్టిన రోజున తీసినట్టు బూడిద రంగులో వస్తాయి. ఫోన్ పాడైందేమో అనుకుని కొత్తది కొనడానికి బయల్దేరకండి. దానికి నేర్పిన పనే అది చేసింది.

ఎదురుగా ఉన్నది అప్పడమా, ఇసుకా, పొగమంచా అన్నది కెమెరాకు సరిగ్గా తెలియదు. లెన్స్‌లోకి వచ్చిన వెలుతురంతా సగటు కట్టి, ఆ సగటు మరీ తెల్లగానూ మరీ నల్లగానూ కాకుండా మధ్యస్థంగా ఉండేలా ఫోటోను సర్దుతుంది. రంగుల విషయంలోనూ దాదాపు ఇదే లెక్క. ఇప్పటి ఫోన్లు తెలివి మీరి ముఖాన్నీ ఆకాశాన్నీ గుర్తుపడుతున్నాయి కానీ, ఈ సగటు లెక్క మాత్రం పూర్తిగా పోలేదు. మామూలు వీధిలో, మామూలు వెలుతురులో ఆ లెక్క బాగానే కుదురుతుంది. మన వైపు అది తప్పే చోట్లే ఎక్కువ. గోపాలపురం సముద్రతీరపు ఇసుక, కోరాపుట్ కొండల పొగమంచు, మగ్గం ఉన్న చీకటి గది, బరంపురం ఠాకురాణి జాతర రాత్రి అన్నీ అలాంటివే. కాబట్టి ఫోన్ ఎక్కడ పొరపడుతుందో తెలుసుకుని, దానికి మనం చెప్పడమే ఇందులో నేర్చుకోవాల్సిన అసలు పని.

ముందు లెన్స్, తర్వాత సెట్టింగ్స్

లెన్స్ తుడవండి. ఇంత చిన్న విషయం ఎందుకు చెబుతున్నాడా అనిపిస్తుంది కానీ, మసకగా వచ్చే ఫోటోల్లో చాలావాటికి కారణం ఇదే. ఫోన్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ వేలు వెళ్ళి వెనక లెన్స్ మీదే వాలుతుంది. చేతి జిడ్డు దానికి అంటుకుంటుంది. వీధిదీపం చుట్టూ పొగలాంటి వలయమో, దీపం నుంచి సాగిన చారో కనిపిస్తే అది జిడ్డు పనే. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

గోపాలపురంలో మాత్రం నేరుగా పొడిగుడ్డ పెట్టి రుద్దకండి. సముద్రపు గాలికి ఉప్పు తుంపర, సన్నటి ఇసుక లెన్స్ మీద చేరతాయి. ఇసుకతో సహా రుద్దితే గీతలు పడతాయి. ముందు ఊదండి, తర్వాత కాస్త తడిపిన గుడ్డతో అద్దండి, ఆఖర్న పొడిగుడ్డతో తుడవండి. గంటకోసారి చేసినా తప్పులేదు.

ఇప్పుడు కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. తెరను తొమ్మిది గళ్ళుగా చూపించే గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. ఫోటో మూలన ఫోన్ కంపెనీ పేరు ముద్రించే వాటర్‌మార్క్ ఉంటే తీసేయండి, వాళ్ళకు మనం ఊరికే ప్రచారం చేసిపెట్టడమెందుకు? బ్యూటీ ఫిల్టర్ సున్నాకి తెండి. అది మచ్చలతో పాటు ముఖంలోని కళను కూడా తుడిచేస్తుంది. పెద్దవాళ్ళ ముఖాల మీద ముడతలు లేకుండా ఫోటో తీస్తే వాళ్ళ మనవలే గుర్తుపట్టరు.

ఫోటో ఆకారం 4:3 మీద ఉంచండి. చాలా ఫోన్లలో వెలుతురును పట్టే సెన్సర్ ఆకారమే అది. ‘ఫుల్’ అనో 16:9 అనో పెడితే తెర నిండా బాగా కనిపిస్తుంది గానీ, అంచుల్లో కొంత కోసేసి ఇస్తుంది. కోయాలనుకుంటే తర్వాత మనమే కోసుకోవచ్చు.

డబ్బా మీద 50, 108 మెగాపిక్సెళ్ళని రాసి ఉన్నా, మామూలు మోడ్‌లో ఫోటో సాధారణంగా 12 మెగాపిక్సెళ్ళ దగ్గర్లోనే వస్తుంది. మోసమేమీ లేదు. పక్కపక్కన ఉన్న నాలుగు చిన్న పిక్సెళ్ళను కలిపి ఒకటిగా లెక్కగడుతుంది, 108 అయితే తొమ్మిదింటిని. దానివల్ల వెలుతురు తక్కువున్న చోట ఫోటోలో గరుకు తగ్గుతుంది. పెద్ద మెగాపిక్సెల్ మోడ్‌ను ఎండలో, కదలని దృశ్యాలకు వాడుకోండి. మిగతా వేళల్లో దాని జోలికి పోనక్కర్లేదు.

వెలుతురు ఎటునుంచి వస్తోందో చూడండి

ఫోన్ పైకెత్తక ముందే చేయాల్సిన పని ఇది. నేల మీద మీ నీడ ఎటు పడిందో చూస్తే తెలిసిపోతుంది. నీడ మీ ముందుకు పడితే వెలుతురు మీ వీపు వెనక ఉన్నట్టు. అప్పుడు రంగులు బాగా వస్తాయి. నీడ మీ వెనక్కి పడితే సూర్యుడికి ఎదురుగా నిలబడ్డట్టు. అప్పుడు ఎదురుగా ఉన్న మనుషులు నల్లటి బొమ్మల్లా వస్తారు. నీడ పక్కకి పడితే గోడల గరుకు, చెట్టు బెరడు, చీర నేత లాంటివి బాగా తేలతాయి.

గోపాలపురంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వైపు దిగుతాడు. కాబట్టి తెప్పలు, పడవలు నల్లటి బొమ్మల్లా, వెనక ఎర్రటి ఆకాశం కావాలంటే పొద్దున్నే వెళ్ళాలి. అదే పడవల రంగులు, వలల రంగులు కావాలంటే సాయంత్రం వెళ్ళి సముద్రం వైపు తిరిగి నిలబడాలి. జూన్ మొదట్లో అక్కడ 5:10 ప్రాంతంలో తెల్లవారుతుంది, జనవరి మధ్యలో 6:25 ప్రాంతంలో. సూర్యోదయానికి అరగంట ముందే చేరుకోండి. ఆకాశంలో అసలైన రంగులు చాలాసార్లు సూర్యుడు రాకముందే వచ్చి పోతాయి. జనం ఫోన్లు తీసే సమయానికి సగం ఆట అయిపోయి ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం ముఖాలు తీయాల్సి వస్తే ఎండలో నిలబెట్టకండి. కళ్ళ కింద గుంతల్లా నీడలు పడతాయి, కళ్ళు చికిలిస్తారు. వాళ్ళను గుమ్మం దగ్గరికి పిలవండి. గుమ్మానికి లోపలగా, వీధి వైపు చూస్తూ, అడుగున్నర దూరంలో కూర్చోబెట్టి, మీరు బయట అరుగు మీద నిలబడి తీయండి. బయటి వెలుతురు మెత్తగా ముఖమంతా పరుచుకుంటుంది. వెనక ఇల్లు చీకటిగా ఉంటుంది కాబట్టి బీరువా, క్యాలెండర్, బట్టల దండెం ఏవీ కనబడవు. స్టూడియోలో డబ్బులు పోసి తెచ్చుకునే వెలుతురు మన ఇళ్ళ గుమ్మాల్లో ఉచితంగా దొరుకుతుంది. ఎదురుగా ఎండ పడే తెల్లగోడ ఉంటే ఇంకా మంచిది.

గదిలో కిటికీ వెలుతురుతో తీసేటప్పుడు ట్యూబ్‌లైట్ ఆపేయండి. రెండు రకాల వెలుతురు కలిస్తే ముఖంలో ఒక చెంప నీలంగానూ ఇంకో చెంప పచ్చగానూ వస్తుంది. దాన్ని తర్వాత సరిచేయడం పెద్ద తలనొప్పి.

తెర మీద వేలు పెట్టి చెప్పండి

మళ్ళీ డాబా మీదికి వెళ్దాం. కెమెరా తెరిచి అప్పడాల మీద వేలితో ఒకసారి తాకండి. ఒక చిన్న చతురస్రమో వలయమో కనబడుతుంది, దాని పక్కనే చిన్న సూర్యుడి గుర్తు గానీ జారే గీత గానీ ఉంటుంది. ఆ గుర్తును వేలితో నెమ్మదిగా పైకి జరపండి. బూడిద రంగు అప్పడాలు తెల్లబడతాయి. ఎంతవరకు జరపాలి? అప్పడం మీద మిరియపు పలుకులు, జీలకర్ర చుక్కలు, అంచున లేచిన చిన్న బుడగలు కనిపిస్తున్నంతవరకు. అవి మాయమై తెల్లకాగితం ముక్కలా అయిపోయిందంటే ఎక్కువైనట్టే, కాస్త కిందికి దించండి. సెట్టింగ్స్ అన్నీ మనమే మార్చుకునే ప్రో మోడ్ అలవాటున్నవాళ్ళు ఎక్స్‌పోజర్‌ను 0.7 నుంచి 1 దాకా పెంచి చూడండి, చాలాసార్లు అక్కడే కుదురుతుంది.

నల్లటి వస్తువులకు దీనికి తిరగేసి చేయాలి. నల్లరాతి విగ్రహం, బురదలో పడుకున్న గేదె, మసిబారిన పొయ్యి, వీటిని ఫోన్ అనవసరంగా వెలిగించి వెలిసిపోయినట్టు చూపిస్తుంది. గుర్తును కిందికి జరిపితే నలుపు నలుపుగా వస్తుంది.

సూర్యోదయానికి సూర్యుడి మీద కాకుండా పక్కనున్న ఆకాశం మీద తాకి, కిందికి జరపండి. ఆకాశం రంగు చిక్కబడుతుంది, పడవ నల్లగా తేలుతుంది. ఎన్నిసార్లు దించినా ఫోన్ పడవను వెలిగించాలనే చూస్తుంటే అది హెచ్‌డీఆర్ పని. ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుతుర్లలో తీసి కలిపి, చీకటి భాగాలను పైకి లాగుతుంది. మామూలుగా అది మేలే చేస్తుంది, ఆటోలోనే ఉండనివ్వండి. ఇలాంటి నీడబొమ్మలు కావాలనుకున్నప్పుడు మాత్రం మీ ఫోన్‌లో వీలుంటే ఆపేయండి.

ఇంకో మాట. తాకి సరిచేసిన వెలుతురు, ఫోన్ కాస్త కదలగానే మళ్ళీ మొదటికి వస్తుంది. అలా రాకుండా ఉండాలంటే తాకిన వేలిని తీయకుండా ఒకటి రెండు క్షణాలు నొక్కి ఉంచండి. ఐఫోన్‌లో పసుపు రంగులో ఏఈ/ఏఎఫ్ లాక్ అని వస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం బొమ్మ వస్తుంది. ఇప్పుడు పడవ ఫ్రేమ్‌లోకి వచ్చేదాకా తీరిగ్గా ఎదురుచూడొచ్చు.

కోరాపుట్ వైపు చలికాలంలో వెళ్ళేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. 1,672 మీటర్ల దేవమాలి ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన కొండ. పొద్దున్నే కింద లోయలంతా మంచుతో నిండి ఉంటాయి. ఆ తెలుపును కూడా ఫోన్ బూడిద చేస్తుంది, కాబట్టి కొద్దిగా పైకి జరపాలి. మంచులో ఫోకస్ కూడా సరిగ్గా దొరకదు, పట్టుకోవడానికి ఫోన్‌కి ఒక అంచు కావాలి. దగ్గర్లోని చెట్టు కొమ్మ మీదో, మనిషి భుజం మీదో తాకండి. ఆ మాటకొస్తే వట్టి మంచును తీసినా చూసేవాళ్ళకు ఏమీ కనబడదు. దగ్గరగా నల్లటిది ఒకటి, చెట్టో దుప్పటి కప్పుకున్న మనిషో, ఉంటేనే మంచు ఎంత దట్టంగా ఉందో తెలుస్తుంది.

తేమ ఎక్కువున్న రోజుల్లో ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది. ఫోన్ బయటి వేడికి వచ్చేదాకా కొద్ది నిమిషాలు ఆగడం ఒక్కటే మందు.

జూమ్ ముందు కాళ్ళతో

ఫోన్‌లో ఉన్న రెండు మూడు కెమెరాల్లో మంచిది సాధారణంగా 1x అని రాసి ఉన్నదే. దానికే పెద్ద సెన్సర్ ఇస్తారు. రెండు వేళ్ళతో లాగి 7x, 10x చేస్తే చాలా ఫోన్లలో జరిగేది ఫోటోను కోసి సాగదీయడమే. నాలుగడుగులు ముందుకు వేయగలిగితే వేయండి.

నడవలేని చోట్లు ఉంటాయి, చిలికా సరస్సు అలాంటిది. రంభ వైపు చలికాలంలో పక్షుల కోసం పడవెక్కి, ఫోన్ జూమ్ చివరిదాకా లాగి తీసినవన్నీ తెల్లచుక్కలే అవుతాయి. ఒక్క పక్షిని దగ్గరగా తీయడం మామూలు ఫోన్ పని కాదని ఒప్పేసుకుంటే మనసు కుదుటపడుతుంది. పక్షుల గుంపు, కింద నీళ్ళు, ముందు పడవ కొమ్ము, దూరంగా కొండలు, ఇవన్నీ కలిపి 1xలో తీస్తే అది చక్కటి ఫోటో. పడవలో ఎవరి దగ్గరైనా బైనాక్యులర్ ఉంటే, కన్ను పెట్టే చోట ఫోన్ లెన్స్ ఆనించి చూడండి. సరిగ్గా మధ్యకు కుదర్చడానికి ఓపిక పట్టాలి కానీ, డిజిటల్ జూమ్ కంటే బాగా వస్తుంది.

0.5x కెమెరా ఇరుకు గదులకూ పెద్ద కట్టడాలకూ బాగుంటుంది. గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డవాళ్ళను మాత్రం అడ్డంగా సాగదీస్తుంది. పెళ్ళిలో మేనత్తను చివర నిలబెట్టి 0.5xలో తీసి, దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెడితే తర్వాత జరిగేదానికి మీరే బాధ్యులు.

పర్లాకిమిడి రాజుగారి మహల్ లాంటివాటి ముందు నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే స్తంభాలన్నీ పైకి పోయేకొద్దీ లోపలికి వంగినట్టు వస్తాయి. ఫోన్‌ను వెనక్కి వాల్చడం వల్లే ఇది జరుగుతుంది. వీలైనంత వెనక్కి జరిగి, ఫోన్ నిట్టనిలువుగా పట్టుకుని తీసి, కింద అనవసరంగా వచ్చిన నేలను తర్వాత కోసేయండి.

ఫ్రేమ్

దీని మీద పుస్తకాలకు పుస్తకాలు రాశారు. మొదట్లో రెండు చూసుకుంటే చాలు. సముద్రం గీత గ్రిడ్ గీతకు సమాంతరంగా ఉండాలి, ఫ్రేమ్‌కి సరిగ్గా మధ్యలో కాకుండా పై గీత మీదో కింది గీత మీదో ఉండాలి. ఆకాశం బాగుంటే కింది గీత మీద, ఇసుక బాగుంటే పై గీత మీద. రెండోది, నొక్కేముందు నాలుగు మూలలూ ఒకసారి చూడండి. తల వెనక కరెంటు స్తంభం, సగం తెగిన ఆటో, ఎవరిదో మోచెయ్యి ఉంటే ఒక అడుగు పక్కకు జరగండి. పిల్లల్ని తీసేటప్పుడు గొంతుక్కూర్చోండి. నిలబడి తీస్తే నడినెత్తే వస్తుంది.

అమ్మకానికి పట్టుచీర ఫోటో

దీనికి కాస్త ఎక్కువ చోటిస్తున్నాను. బరంపురంలో ఇప్పుడు చాలా ఇళ్ళలో చీర అమ్మకం వాట్సాప్ ఫోటోతోనే మొదలవుతుంది, గొడవా ఆ ఫోటోతోనే మొదలవుతుంది. “ఫోటోలో కుంకుమ రంగు చూపించారు, వచ్చింది ఇటుక రంగు” అనే మాట వినని అమ్మకందారు ఉండరు.

కారణం మళ్ళీ ఆ సగటు లెక్కే. తెర నిండా ఎర్రచీరే ఉంటే, ఫోన్ దాన్ని ఎర్రటి దీపం వెలుతురేమో అనుకుని కొంత ఎరుపు తీసేస్తుంది. అందుకే ఒంటి రంగు పట్టు ఎప్పుడూ వెలిసినట్టో, వేరే ఛాయలోనో వస్తుంది.

మొదట చోటు చూసుకోండి. నేరుగా ఎండ పడని వరండా గానీ, ఉత్తరం వైపు కిటికీ పక్కన గానీ మంచిది. పొద్దున తొమ్మిది దాటాక చూసుకోండి, సూర్యుడు లేచిన కొత్తలో వెలుతురులో పసుపు కలిసి ఉంటుంది. దీపాలన్నీ ఆపండి. ఫ్లాష్ అసలు వద్దు, జరీ మీద పడి తెల్లటి మరక చేస్తుంది, చుట్టూ చీర నల్లబడుతుంది.

చీరను దండెం మీద వేస్తే అంచు, ఒడలు, పైట మూడూ కనబడేలా మడతలు సర్దండి. వెలుతురు ఎదురుగా కాకుండా ఏటవాలుగా పక్కనుంచి తగలాలి. అప్పుడే నేత గరుకు తేలుతుంది, జరీ అక్కడక్కడా మెరుస్తుంది. మెరుపు ఒకేచోట ముద్దగా కనిపిస్తే చీర కదపక్కర్లేదు, మీరు రెండడుగులు పక్కకు జరగండి.

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసి చీర పక్కన, అదే వెలుతురు పడేలా పెట్టి మొదటి ఫోటో తీయండి. కాగితం మరీ మెరిసేది వద్దు, ఎక్స్‌పోజర్ ఎక్కువై అది పూర్తిగా తెల్లబారిపోకుండా చూడండి. స్నాప్‌సీడ్ లాంటి యాప్‌లో వైట్ బ్యాలెన్స్ పనిముట్టు తెరిస్తే రంగు ఎంచుకునే చుక్కమందు గొట్టం బొమ్మ ఉంటుంది. దాన్ని తెల్లకాగితం మీద పెడితే ‘ఇది తెలుపు’ అని యాప్‌కి తెలుస్తుంది, మిగతా రంగులన్నీ దాని ప్రకారం సర్దుకుంటాయి. ఆ తర్వాత కాగితాన్ని కోసేయండి. ప్రో మోడ్ ఉంటే ఇంకా సులువు, వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలోంచి తీసి ఒకచోట నిలిపేస్తే ఆ పూట తీసిన చీరలన్నీ ఒకే లెక్కలో వస్తాయి.

అంచు దగ్గరి ఫోటో తప్పనిసరి. బరంపురం పట్టును జనం గుర్తుపట్టేది గుడి ఆకారపు ఫోడా కుంభం అంచుతోనే, భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరుతోనే ఉంది. దీనికి ఫోన్ అంచుకు ఆనించేంత దగ్గరికి తీసుకెళ్ళకండి. మీ నీడే దాని మీద పడుతుంది, కుంభాలు కూడా వంకర్లు పోతాయి. రెండడుగులు వెనక్కి జరిగి 2xలో తీయండి. ఫోన్‌ను చీరకు సమాంతరంగా పట్టుకోండి, అంచు గీత గ్రిడ్ గీతతో కలవాలి. ఫోకస్ కోసం జరీ మీద కాకుండా జరీ, పట్టు కలిసే గీత మీద తాకండి.

చివరగా, ఫోటోను మీ ఫోన్‌లో చూసి రంగు ఖాయం చేసుకోకండి. తెర వెలుతురు, రాత్రి పసుపు ఫిల్టర్, ‘వివిడ్’ రంగుల సెట్టింగ్ అన్నీ రంగు మారుస్తాయి. ఇంట్లో ఉన్న ఇంకో రెండు ఫోన్లలో పక్కన చీర పెట్టి పోల్చి చూడండి.

రాత్రి జాతర

ఠాకురాణి జాతర రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది. ఘటాలు రాత్రిపూటే ఊరేగుతాయి, పులివేషాలు వీధుల్లోకి వస్తాయి. ఎంత మంచి ఫోన్‌కైనా ఇది పరీక్షే.

నైట్ మోడ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎప్పుడు వాడాలో తెలుస్తుంది. అది రెండు మూడు క్షణాల పాటు వరసగా కొన్ని ఫోటోలు తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి కలుపుతుంది. అందుకని కదలనివాటికే అది పనికొస్తుంది. దీపాల తోరణాలు, వీధి చివర నుంచి కనిపించే రథం లాంటివి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, స్తంభానికో గోడకో ఒరిగి, తీయడం పూర్తయ్యేదాకా కదలకుండా ఉండాలి. తెర మీద బటన్ నొక్కితే ఫోన్ ఊగుతుంది, మూడు సెకన్ల టైమర్ పెట్టుకోండి.

గంతులేసే పులివేషానికి నైట్ మోడ్ పెడితే పులి పొగలా వస్తుంది. అప్పుడు దాన్ని ఆపేసి, వెలుతురు ఉన్న చోటు వెతుక్కోవాలి. మిఠాయి దుకాణం ముందు, బట్టలకొట్టు షోకేస్ ముందు వెలుతురు బాగుంటుంది. వేషం వెంట పరిగెత్తకుండా ముందే అక్కడికి వెళ్ళి కాచుకోండి. డప్పు మోత పెరిగి ఆగే క్షణంలో ఆటగాడు ఒక్క లిప్త కాలం నిలబడిపోతాడు, అప్పుడు నొక్కాలి. బర్స్ట్ మోడ్ వాడితే ఇంకా నయం. కొన్ని ఫోన్లలో బటన్ నొక్కి పట్టుకుంటే, కొన్నిట్లో పక్కకో కిందికో లాగితే ఫోటోలు టకటకా పడతాయి. ఇంటికొచ్చాక ఒకటి ఉంచుకుని మిగతావి తీసేయండి.

సీరియల్ లైట్ల కింద తీసిన ఫోటోల్లో, వీడియోల్లో అడ్డంగా నల్లచారలు కనిపిస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/50 లేదా 1/100 సెకను మీద పెడితే చాలావరకు చారలు పోతాయి. వీడియో సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ అని ఉంటే 50 ఎంచుకోండి.

ఫ్లాష్ రెండు మూడు మీటర్లకు మించి అందదు. దూరంగా వెళ్తున్న ఘటం కోసం ఫ్లాష్ వేస్తే వెలిగేది ముందు నిలబడ్డవాళ్ళ నున్నటి తలలే.

ఎక్కడ తీయకూడదు

ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే వేళా, పిల్లలు బయటికొచ్చే వేళా ఫ్లాష్ గానీ టార్చ్ గానీ వేయకండి. పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాక వెలుతురును బట్టి సముద్రం ఎటుందో పోల్చుకుంటాయి. మన దీపాలు వాటిని ఒడ్డు వైపు తిప్పేస్తాయి. అటవీ శాఖవాళ్ళు గీసిన హద్దు దాటకండి.

గురువారం ఒనుకుడెల్లి సంతకు బోండా ఆదివాసులు, బుధవారం చాటికోనా సంతకు డోంగ్రియా కోంధు ఆదివాసులు వస్తారు. వాళ్ళు వచ్చేది సరుకులు అమ్ముకోవడానికి, మనకు ఫోటోలివ్వడానికి కాదు. దూరం నుంచి జూమ్ చేసి దొంగచాటుగా తీయడం నాకు అస్సలు నచ్చదు. అక్కడి అధికారుల నిబంధనలు ముందే కనుక్కోండి, అనుమతి లేకపోతే ఫోన్ జేబులోనే ఉంచండి. మామూలు బజారులో కూడా అడిగి తీయండి. “మావుసీ, గోటే ఫొటో నేబి?” (పిన్నీ, ఒక ఫోటో తీసుకోనా?) అని ఒడియాలో నవ్వుతూ అడిగితే సరేననేవాళ్ళే ఎక్కువ. తల అడ్డంగా ఊపితే నమస్కారం పెట్టి ముందుకు సాగిపోండి. తీశాక వాళ్ళకు చూపించండి, రెండో ఫోటోకి వాళ్ళే సర్దుకుని కూర్చుంటారు. అసలు మంచి ఫోటో అదే అవుతుంది.

గుళ్ళలో లోపల తీయొచ్చో లేదో బోర్డు చూడండి. దుడుమ జలపాతం అంచున సెల్ఫీ ప్రయత్నాలు వద్దు, ఆ రాళ్ళు తుంపరకు ఎప్పుడూ జారుతూనే ఉంటాయి.

ఇంటికొచ్చాక

ఫోన్‌లో ఉన్న ఎడిటర్ చాలు, లేదంటే స్నాప్‌సీడ్. ముందు వంకర సరిచేయండి, అనవసరమైనది కోసేయండి, తర్వాత వెలుతురు, ఆ తర్వాత నీడలు, ఆఖర్న రంగు. ఏ మీటనైనా మీకు బాగుందనిపించిన చోటునుంచి సగం వెనక్కి తెండి. ఆకాశం నెమలికంఠం రంగులోకి, గడ్డి రేడియం రంగులోకి మారిందంటే చెయ్యి దాటిపోయినట్టే.

పంపేటప్పుడు వాట్సాప్ మామూలుగా ఫోటోను బాగా కుదిస్తుంది. హెచ్‌డీ ఎంచుకోండి, ప్రింట్ కోసమైతే డాక్యుమెంట్‌గా పంపండి. 4×6 అంగుళాల ప్రింట్‌కు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 1200×1800 పిక్సెళ్ళు చాలు. 12 మెగాపిక్సెళ్ళ ఫోటో అదే లెక్కన 13×10 అంగుళాల దాకా చక్కగా వస్తుంది. ఐఫోన్ ఫోటో తమ దగ్గర తెరుచుకోవడం లేదని స్టూడియోవాళ్ళు చెబితే అది హెచ్ఈఐసీ ఫార్మాట్ గొడవ. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కి వెళ్ళి ‘మోస్ట్ కంపాటిబుల్’ పెడితే ఇకనుంచి తీసేవి జేపెగ్‌లో వస్తాయి.

గూగుల్ ఫోటోస్‌లో ఎంతైనా ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్‌తో కలిపి 15 జీబీనే ఉచితం. జాతర, పెళ్ళి, ఊరి ప్రయాణం లాంటివాటిని నెలకోసారి కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించండి. ఎక్కించాక అక్కడ ఒకటి రెండు తెరిచి చూసి, పూర్తిగా వచ్చాయని తేలాకే ఫోన్‌లోంచి తీసేయండి.